బీపీ మాత్రలు ఇచ్చే మా పాపకు

పాపా,

పలమనేరు పక్కన పల్లెలో ఏఎన్ఎంగా చేరావని మీ అమ్మ చెప్పింది. "మాత్రలు తీసుకుంటారు, వేసుకోరు" అని వాపోయావంట. నా సర్వీసంతా అదే గోల.

నా తప్పొకటి చెబుతాను. ఒక అవ్వ నెలనెలా మాత్రలు తీసుకుపోయేది, బీపీ మాత్రం 170 కిందికి దిగేది కాదు. ఒకసారి అందరి ముందూ కేకలేశాను. తర్వాత వాళ్ళింటికి పోతే, రాగిపిండి డబ్బా వెనక నుంచి గుడ్డసంచి తీసింది. ఆరు నెలల మాత్రలు, ఒక్క షీటూ చించలేదు! నేను తిడతానని తీసుకుపోయేదంట. పక్కింటాయనకు మాత్రలు మొదలుపెట్టినాకే పక్షవాతం వచ్చిందని ఆమె భయం. నిజానికి ఆయన రెండు నెలలు వేసుకుని, ఒళ్ళు బాగుందని మానేసినాక పడ్డాడు. ఆ మాట ఆమెకెవరూ చెప్పలేదు. ఎందుకు వేసుకోలేదని నేనూ ఏనాడూ అడగలేదు.

"వేసుకున్నావా?" అంటే అందరూ ఊఁ అంటారు. "ఈ వారం ఎన్నిరోజులు కుదరలేదు?" అని అడుగు.

"తలనొప్పే లేదు, నాకు బీపీ ఏంది?" అంటారు. 160 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. అంకె చీటీమీద రాసి వాళ్ళ చేతికివ్వు. మాత్రలకు అలవాటు పడిపోతామంటే, నిన్న తిన్న సంగటి ఈరోజు ఆకలి తీర్చదు కదా అను. కిడ్నీలు పోతాయంటారు. అదుపు తప్పిన బీపీతోనే అవి చెడతాయి.

శనివారం ఒక్కపొద్దు సంగతి వేరు. గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసుకోవచ్చని నువ్వు చెబితే వినరు. నేను గుడి పూజారితో చెప్పించాను. నర్సు మాట కంటే అది బాగా పనిచేసింది, నాకు కొంచెం కోపమొచ్చింది కూడా.

షీటు రంగు మారితే మందే మారిందని మానేస్తారు. అదే అమ్లోడిపిన్, కంపెనీ వేరని ముందే చెప్పు. దాంతో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్ లాంటివాటితో పొడిదగ్గు వస్తుంది. దాచిపెట్టకు. వస్తే సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పమను, మార్చడానికి వేరే మందులున్నాయి.

బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చినవాళ్ళకు వెంటనే బీపీ మిషను పట్టీ కట్టకు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, మాట్లాడించకు.

నా పాత మిషనుకు పట్టీ కొత్తది వేయించాను. ఆదివారం మీ నాయన వస్తే ఇచ్చి పంపిస్తాను.

మీ పెద్దమ్మ,
చిత్తూరు