ఉప్పుమళ్ల ఇంజన్ కట్టబోతున్న మేనకోడలికి

చి॥ అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నాకు చెప్పొద్దని మీ అమ్మతో అన్నావట. "మావయ్యకి తెలిస్తే లెక్చర్ మొదలెడతాడు" అన్నావట. మీ అమ్మ నోట్లో మాట ఏనాడు ఆగింది గనక? ఫోన్‌లో అంతా చెప్పేసింది. ఇంగ్లండులో మీరు కొన్న ఇంటి వెనక తోటలో పాత యజమాని వేసిన బొమ్మ రైలు పట్టాలు అలాగే ఉన్నాయనీ, మీ ఆయన పీకిద్దామంటే నువ్వు ఒప్పుకోలేదనీ, వాటి మీదికి ఇంజన్ కొనకుండా నువ్వే ప్లాస్టిక్ షీటూ పైపూ కోసి కట్టబోతున్నావనీ. అది కూడా ఎక్కడా తిరిగిన ఇంజన్ కాదట. నౌపడా ఉప్పుమళ్లలో తాతల కాలంలో ఒక బుల్లి లైను ఉండుంటే దాని మీద ఎలాంటి ఇంజన్ తిరిగేదో, అదట.

ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "మన గుంట ఇంజన్ కడుతుందట" అని అన్నదే అంటూ కూర్చుంటే ఆవిడ టీవీ సౌండ్ పెంచేసింది. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. కత్తి, జిగురు, బ్యాటరీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. కాబట్టి ఇది లెక్చరే. కూర్చుని చదువు.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోనీ. నౌపడా నుంచి పోయే పర్లాకిమిడి చిన్న రైలు లైను ఇంజన్‌ని ఉన్నదున్నట్టు దించకుండా సొంతంగా ఊహించుకోవడం మంచి పని. ఆ లైను 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించింది. దాని గేజి, అంటే పట్టాల మధ్య దూరం, రెండున్నర అడుగులు, 762 మిల్లీమీటర్లు. నువ్వు మీ అమ్మకి పంపిన ఫోటోలో పట్టాల మధ్య స్కేలు పెట్టావు, 32 మిల్లీమీటర్లు కనబడుతోంది. అక్కడివాళ్లు కట్టే పద్ధతిలో అడుగుకి 16 మిల్లీమీటర్లు చొప్పున చూస్తే 32 అంటే సరిగ్గా రెండడుగుల గేజి. అదే లెక్కలో పర్లాకిమిడి ఇంజన్ కట్టాలంటే పట్టాల మధ్య 40 కావాలి. మొత్తం తోటంతా పీకి మళ్లీ వెయ్యాలి. ఉప్పు మొయ్యడానికి ఎవరో రెండడుగుల లైను వేసుకున్నారనుకుంటే ఆ గొడవే లేదు. 2004లో బ్రాడ్‌గేజికని ఆ చిన్న లైను మూసినప్పుడు నేను చాలా దిగులు పడ్డాను. టెక్కలిలో ఎక్కి పాతపట్నం పెళ్లికి వెళ్తూ మీ అమ్మ కంట్లో బొగ్గు నలుసు పడింది, దిగేదాకా ఏడుస్తూనే ఉంది. అడిగితే ఇప్పుడు ఒప్పుకోదు.

అయితే, సొంత ఊహ కదా అని చేతికొచ్చినట్టు కట్టకు. కాగితం మీద గీతలు గీసేముందు ఆ ఇంజన్‌తో పని చేసేవాళ్లని తలుచుకో. ఉప్పుమళ్ల దగ్గర నీళ్లు ఎలా ఉంటాయి? ఆ నీళ్లు బాయిలర్‌కి పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది, నీళ్లు నురగలెత్తి ఆవిరితోపాటు సిలిండర్లలోకి పోతాయి. కాబట్టి నీ లైనువాళ్లు మంచినీళ్లు మోసుకుంటూ తిరగాలి. పక్కన ట్యాంకులు చాలవు, వెనకాల నాలుగు చక్రాల నీళ్లబండి ఒకటి ఎప్పుడూ తగిలించి ఉండాలి. దీని అవసరం ఇంకోటుంది, తరవాత చెబుతాను. బురదనేల మీద పట్టాలు కాబట్టి ఇంజన్ తేలిగ్గా ఉండాలి. చిన్న చక్రాలు నాలుగు చాలు. వైశాఖంలో ఆ ఎండకి డ్రైవరు బతకాలంటే క్యాబు పక్కలు తెరిచి ఉండాలి, పైకప్పు రెండు పొరలుండాలి, మధ్యలో గాలి ఆడాలి. ఇలా ఆలోచిస్తూ పోతే ఇంజన్ రూపం దానంతటదే తేలుతుంది.

అన్నిటికంటే ముందు మనిషి బొమ్మ చెయ్యి. అయిదున్నర అడుగుల మనిషి నీ లెక్కలో 88 మిల్లీమీటర్లు. అట్టముక్కతో కత్తిరించినా చాలు. వాణ్ని క్యాబులో నిలబెట్టు. తల తగులుతోందా? మెట్టు ఎక్కగలడా? బొగ్గు పార తిప్పడానికి మోచేతికి చోటుందా? ఊహించి కట్టిన ఇంజన్లు ఫోటోల్లో బోలెడు చూశాను. ముచ్చటగా ఉంటాయి, కానీ వాటి క్యాబులో మనిషి అడ్డంగా తిరిగితే గాని పట్టడు. నాలా రైల్వే వర్క్‌షాప్‌లో బతికినవాడికి అవి చూస్తే చిరాకు.

ఇక నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. షీటు ఒక్క పోటుతో కొయ్యకు, స్టీలు స్కేలు ఆనించి తేలిగ్గా నాలుగైదు గీతలు గీసి విరిచెయ్. బాయిలర్‌కి అక్కడ ప్లంబింగ్ షాపులో దొరికే 40 మిల్లీమీటర్ల పైపు బాగుంటుంది, బయట కొలిస్తే 43 దాకా ఉంటుంది, నీ లెక్కలో అది చిన్న ఇంజన్‌కి అచ్చంగా సరిపోతుంది. స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో వాడు, మీ దగ్గర వాన ఆగదు. ఏదీ కొయ్యకముందే అట్టతో ఇంజన్ ఎత్తూ వెడల్పూ కత్తిరించి, ఒక పెట్టె మీద నిలబెట్టి లైనంతా తోసి చూడు. ఏ గులాబీ కొమ్మ తగులుతుందో, ఏ మలుపులో గోడ గీసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. ట్యాంకుల్లాంటి మూసిన డబ్బాలకి కిందవైపు చిన్న బెజ్జం పెట్టు. షీట్లు అతికే ద్రావకం లోపల చిక్కుకుంటే ఆవిరి బయటికి పోయే దారి లేక నెలలు గడిచాక ట్యాంకు పక్క అప్పడంలా వంకర తిరుగుతుంది.

చక్రాలు, మోటారు, గేర్లు బిగించి అమ్మే బ్లాకు కొనుక్కోమని చెబుదామనుకున్నాను. విడి చక్రాలూ ఇత్తడి పట్టీ ఆర్డర్ పెట్టేశావట, ఇంక నన్నేం చెయ్యమంటావు? చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 28 మిల్లీమీటర్లు, రెండు ఇరుసులకీ ఒకేలా ఉండాలి. ఒకవైపు క్రాంకు, అంటే చక్రానికి రాడ్డు తగిలించే చోటు, పైకి ఉంటే రెండోవైపుది పావు చుట్టు ముందుండాలి. అది 90 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది, కానీ ఆ తేడా రెండు ఇరుసులకీ ఒక్కటే అవ్వాలి. లేకపోతే చక్రాలని కలిపే రాడ్లు బిగుసుకుంటాయి, ఇంజన్ కుంటుతుంది. మోటారు పెట్టకముందే వాలుగా పెట్టిన పలక మీద ఛాసిస్‌ని, అదే చక్రాలున్న అడుగుభాగాన్ని, వదిలి చూడు. తనంతట తను దొర్లాలి. ఎక్కడ ఆగిందో అక్కడ రాడ్డు బెజ్జం సన్నని ఆకురాయితో కొంచెమే రాయి. మోటారు ఎలాగూ లాగేస్తుందిలే అని మాత్రం వదిలెయ్యకు.

ఇప్పుడు మీ నాన్న సంగతి.

నీకు ఆరేళ్లప్పుడు మా క్వార్టర్స్ పెరట్లో మీ నాన్నా నేనూ కట్టిన పచ్చ ఇంజన్ నీకు లీలగానైనా గుర్తుండాలి. టేకుముక్కల మీద ఇత్తడి పట్టీలు కొట్టి జామచెట్టు చుట్టూ లైను వేశాం. ఛాసిస్ నాది, పైభాగం బావది. డ్రాయింగ్ మాస్టారు కదా, చేతిలో పనితనం ఉంది. ఇంజెక్షన్ సిరంజిలో జిగురు నింపి ఒక్కొక్క చుక్కే పెట్టి రివెట్లు వేశాడు. వరస ఎక్కడా చెదరలేదు. పక్కనుంచి దీపం పెట్టి చూస్తే చుక్క చుక్కకీ నీడ పడేది. నేను స్క్రూలతో బిగిద్దామన్నాను. "అంత అందమైన బాయిలర్ మీద స్క్రూ తలకాయా?" అన్నాడు. కిందనుంచి బిగిద్దామంటే ఎత్తి చూస్తే కనబడుతుందన్నాడు. ఎవరు ఎత్తి చూస్తారు బావా అంటే "నేను చూస్తాను" అన్నాడు. బావతో వాదన నాకు చేతకాదు, నీకు తెలుసుగా. మోటారు, నికెల్ కాడ్మియం సెల్స్ అన్నీ లోపల పెట్టి, రెండు ట్యూబుల అరాల్డైట్ కలిపి ఛాసిస్‌కీ పైభాగానికీ మధ్య సందు లేకుండా అతికించేశాం. ఛార్జింగ్‌కి పొగగొట్టంలో ఒక సాకెట్టు పెట్టాడు. అది మాత్రం భలే ఆలోచన.

సంక్రాంతికి తిరిగింది. కాలనీ పిల్లలంతా వచ్చారు. తరవాత వానలు, నా డ్యూటీలు, ఇంజన్ అటకెక్కింది. దసరాకి దించి చూస్తే బాయిలర్ పక్కనుండే పలక, ఫుట్‌ప్లేట్ అంటాం, దాని అంచు వెంట తెల్లగా ఉప్పు పొంగినట్టు పొడి. సెల్స్ కారాయి. కదలలేదు సరికదా, గుడ్డతో తుడుస్తున్నకొద్దీ పచ్చరంగు ఊడొచ్చింది. తియ్యాలంటే ఎక్కణ్నుంచి తియ్యాలి? బావ వేడినీళ్ల గుడ్డ చుట్టి చూశాడు, బ్లేడు దూర్చి చూశాడు. నేను ఉలి తెస్తే అడ్డం పడ్డాడు. చివరికి బాయిలర్ ముందుండే పొగపెట్టె వెనకాల పెన్సిల్‌తో గీత గీసి హాక్సా బ్లేడు ఆయన చేతికే ఇచ్చాను. నన్ను కొయ్యనివ్వడు కదా మరి. పైపు పొడి ఆయన లుంగీ మీద రాలుతుంటే నువ్వు మెట్ల మీద కూర్చుని "చూశాక మళ్లీ కుట్టేస్తారా?" అని అడిగావు. ఎవరం జవాబు చెప్పలేదు.

లోపల తీగల రాగి నల్లబడి పట్టుకుంటే పొడయింది. సెల్స్‌లోంచి కారింది మోటారు టెర్మినల్స్ తినేసింది. మొదట పాడయింది రెండు సెల్స్ మాత్రమే. చిన్న తలుపు ఒకటి పెట్టుంటే రెండు నిమిషాల పని. రంపానికి పోయినంత మందం పోయింది కాబట్టి ఆ కోత మళ్లీ కలవలేదు. బావ దాని మీద ఇత్తడి పట్టీ చుట్టి "బాయిలర్ బ్యాండ్" అన్నాడు. ఆ రివెట్ల వరస అక్కడ తెగిపోయింది. తరవాత అది తిరిగింది గాని, ఆయన మళ్లీ ఇంజన్ కట్టలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే.

మా వర్క్‌షాప్‌లో ఆవిరింజన్ ఓవర్‌హాలింగ్‌కి వస్తే క్రేనుతో బాయిలర్‌ని ఫ్రేము మీంచి లేపి పక్కన పెట్టేవారు. అంత పెద్దదే విడిపోయేలా కట్టినప్పుడు నీ జానెడు ఇంజన్‌కి ఏమొచ్చింది? పైభాగం అంతా రెండే స్క్రూలతో, కిందనుంచి, ఊడిరావాలి. నట్లు లోపలి పలకలో అతికించేస్తే వేళ్లతో వెతుక్కునే పనుండదు. క్యాబు పైకప్పు అయస్కాంతం ముక్కలతో నిలబడితే చాలు. తీగలకి ప్లగ్గులు పెట్టు, ప్రతి తీగకీ రంగు చీటీ కట్టు. వచ్చే ఏడాది విప్పేటప్పుడు ఏ తీగ ఎందుకో నీకే గుర్తుండదు.

ఇక బ్యాటరీ. నాకున్న భయమంతా దీని గురించే. నువ్వు 18650 లిథియం సెల్స్ పెడతావని మీ అమ్మ చెప్పింది, ఆవిడకి ఆ నంబరు ఎలా నోరు తిరిగిందో! 2022 సెప్టెంబర్‌లో మా సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి పైనున్న లాడ్జికి పొగ కమ్ముకుంటే ఎనిమిది మంది చనిపోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఫోన్ కూడా రాత్రి ఛార్జింగ్‌లో ఉంచనివ్వను. నీ ఇంజన్‌కీ దానికీ పోలికేంటి అంటావు, తెలుసు. అయినా రెండు లిథియం సెల్స్ ఇచ్చే ఓల్టేజీ దాదాపుగా ఆరు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఇస్తాయి. చోటు ఎక్కువ పడుతుంది, అంతేగా. అందుకే నీళ్లబండి అన్నాను. సెల్స్ అందులో పెట్టు, పైన నీళ్లు పోసే మూతే బ్యాటరీ తలుపు. కారినా ఉబ్బినా చేతికి అందుతాయి, ఇంజన్ కడుపు చల్లగా ఉంటుంది. సెల్స్ పక్కనే ఫ్యూజు పెట్టు. లిథియమే కావాలని పంతం పడితే ప్రొటెక్షన్ బోర్డు లేకుండా పెట్టకు, బండిలోంచి బయటికి తీసి నువ్వు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చెయ్యి. నా మీద ఒట్టు.

పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రి పదింటికి కత్తి పట్టుకుంటున్నావట. నిద్రకళ్లతో బ్లేడు పట్టుకునే దానికి ఇంజన్ ఎందుకే? శనివారం పొద్దున్న చేసుకో. కిటికీ తెరిచి జిగురు వాడు, చలేస్తే స్వెటర్ వేసుకో. ఇత్తడి కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, చూపుకి పెట్టుకునేవి కాదు, పక్కలు మూసి ఉండేవి. మీ అమ్మమ్మ నీకు సన్నటి వేళ్లు ఇచ్చింది, వాటిని జాగ్రత్తగా చూసుకో తల్లీ. రివెట్లు నువ్వు నాన్నలాగే పెడతావని నాకు నమ్మకం ఉంది. మొదటి వరస పెట్టగానే ఫోటో ఆయనకి పంపు, నాకు తరవాత పంపినా ఫర్వాలేదు. స్క్రూల విషయంలో మాత్రం ఆయన్ని అడక్కు.

షీటు కొయ్యకముందు కొలతలేసిన డ్రాయింగ్ నాకు పంపించు. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి మూడూ కావాలి. క్యాబులో మనిషిని గియ్యడం మరిచిపోకు. రాణిగంజ్‌లో సన్నటి ఇత్తడి స్క్రూలు, నట్లు ఒక పొట్లం కొన్నాను. పై నెల మీ ఆడపడుచు అక్కడికి వస్తోందటగా, ఆమెకి ఇచ్చి పంపుతాను. మీ అత్తయ్య అదే సంచిలో ఆవకాయ సీసా కూడా పెడతానంటోంది. వద్దంటే వినదు. నూనె కారితే స్క్రూలు తుడిచి వాడుకో, ఇత్తడికి ఏమీ కాదు.

ఇట్లు,
మీ మావయ్య