సర్దుబాటు ఛార్జీ వెనుక ఒప్పందాన్ని ప్రశ్నించవచ్చా?

ప్రశ్న: పలమనేరులో పిండిమర నడుపుతున్నాను. కరెంటు బిల్లులో వాడిన యూనిట్ల ధరతో పాటు సర్దుబాటు ఛార్జీ (కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగిందని అదనంగా వేసేది) కూడా కట్టమంటున్నారు. నాయకులు, పెద్ద కంపెనీలు కుమ్మక్కై చేసుకున్న ఒప్పందాల భారమే ఇదని అందరూ అంటున్నారు. ముడుపుల ఆరోపణలూ పత్రికల్లో చదివాను. నాలాంటివాడు కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. అయితే బిల్లు ఒక్కటి పట్టుకొని వెళితే లాభం లేదు. లెక్క తప్పినా, మీటరులో తేడా ఉన్నా తిరుపతిలో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. ఆ పైన అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. కానీ డిస్కం (మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ) కరెంటు ఎవరి దగ్గర, ఎంతకు కొన్నదన్నది వారు విచారించరు.

విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 86(1)(బి) ప్రకారం ఆ కొనుగోళ్లను, ధరలను నియంత్రించాల్సింది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఈ కరెంటు కొనుగోలు ఒప్పందాలు చాలావరకు 25 ఏళ్లవి. ఒకసారి ఆమోదం పడితే కదిలించడం ఎంత కష్టమో మన రాష్ట్రమే చూసింది. 2019లో ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ధరలను తిరగదోడబోతే, ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. అందుకే అభ్యంతరం చెప్పాల్సింది ఆమోదానికి ముందు.

ఇక ముడుపుల సంగతి. 2021లో యూనిట్ రూ.2.49 చొప్పున రాష్ట్రం కుదుర్చుకున్న 7,000 మెగావాట్ల సౌర విద్యుత్ ఒప్పందం వెనుక లంచాలున్నాయని 2024 నవంబరులో అమెరికాలో అభియోగాలు మోపారు. ఆరోపణలు ఎదుర్కొన్న అదానీ గ్రూపు ఖండించింది. అభియోగం రుజువు కాదు. రుజువు చేద్దామన్నా, అధికారి తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు మొదలుపెట్టడానికే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 17ఎ కింద ముందస్తు అనుమతి కావాలి. 2018లో చేర్చిన ఈ నిబంధన నిజాయితీపరుల కన్నా అవినీతిపరులకే ఎక్కువ అండగా నిలుస్తోందని నా గట్టి అభిప్రాయం.

అయినా లంచం రుజువు కానంత మాత్రాన దారి మూసుకుపోదు. 2014లో సుప్రీంకోర్టు 204 బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేసింది. ఎవరెంత తిన్నారో తేలాక కాదు, పారదర్శకత లేకుండా ఇష్టారాజ్యంగా పంచిపెట్టారన్న కారణంతోనే. మీరూ ఆ దారే పట్టండి. టెండరు పిలిచారా? అంత కరెంటు అవసరమని ఏ అంచనా చెప్పింది? కరెంటు తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాలన్న షరతు ఒప్పందంలో ఉందా? రూ.10 రుసుముతో సమాచార హక్కు చట్టం కింద ఒప్పందం నకలు అడగండి. వాణిజ్య రహస్యమని తిప్పికొడితే, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు ఇవ్వవచ్చని సెక్షన్ 8(1)(డి)లోనే ఉందని చూపుతూ 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

ధరల ప్రతిపాదనలను ప్రచురించి, ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే మండలి ఉత్తర్వులివ్వాలని విద్యుత్ చట్టం సెక్షన్ 64 చెబుతోంది. పత్రికలో ఆ ప్రకటన కనబడగానే గడువులోగా లిఖితపూర్వకంగా పంపి, బహిరంగ విచారణలో మాట్లాడండి. వకీలు అక్కర్లేదు. మీ మర పాత బిల్లులు పక్కన పెట్టుకుంటే ఛార్జీ ఎంత పెరిగిందో అంకెలతో చూపవచ్చు. మండలి ఉత్తర్వు అన్యాయమనిపిస్తే, నకలు అందిన 45 రోజుల్లో సెక్షన్ 111 కింద విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడికి మాత్రం ఈ చట్టం తెలిసిన న్యాయవాదితోనే వెళ్లండి.