తొలి కాన్పు ముందు ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నాకు ఐదో నెల. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం నెలకు రూ.38,000. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్‌లో మామూలు కాన్పుకు రూ.50,000, సిజేరియన్‌కు రూ.75,000 ఇస్తారు. చేతిలో రూ.2 లక్షల పొదుపు ఉంది. ఏడో నెలలో ఉద్యోగం మానేసి ఖమ్మంలోని పుట్టింటికి వెళ్దామనుకుంటున్నా. కొత్త మెటర్నిటీ పాలసీ తీసుకోమని ఏజెంట్, బొడ్డుతాడు రక్తం దాచుకోవడానికి రూ.60,000 కట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: దయచేసి ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో తొలి కాన్పుకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మీ జీతం లెక్కన అది సుమారు రూ.2.28 లక్షలు, అంటే మీ పొదుపు కంటే ఎక్కువ. పైగా ఉద్యోగం పోతే గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది, అదీ సరిగ్గా అవసరమైన సమయంలో. ఈ సెలవులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఏడో నెలలోనే వెళ్లాలంటే, ఆ ఎనిమిది వారాలు మొదలయ్యేలోపు ఉండే నాలుగైదు వారాలకు మీకు మిగిలి ఉన్న మామూలు సెలవులు గానీ, ఇంటి నుంచి పని గానీ అడగండి. ఉద్యోగం మానాలా వద్దా అన్నది సెలవు అయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

కొత్త పాలసీ ఈ కాన్పుకు పనికిరాదు. వ్యక్తిగత పాలసీల్లో కాన్పు ఖర్చుకు నెలల నుంచి ఏళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ ఖర్చు అడగడానికి ఆగాల్సిన గడువు) ఉంటుంది.

ఇక ఆసుపత్రి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో ఇది 80 శాతం దాటింది. అందుకే మీరు మామూలు కాన్పు కోరుకున్నా బడ్జెట్ మాత్రం ఆపరేషన్‌కే వేసుకోండి. నొప్పులు మొదలయ్యాక డాక్టర్ ఆపరేషన్ అంటే, డబ్బు టెన్షన్ లేకుండా 'ఎందుకు?' అని మాత్రమే అడగగలిగే స్థితిలో మీరుండాలి.

ఖమ్మంలో ఏ ఆసుపత్రిలో మీ ఇన్సూరెన్స్‌కు క్యాష్‌లెస్ (బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే సౌకర్యం) ఉందో ముందే కనుక్కోండి. రెండు రకాల కాన్పుకూ ఎస్టిమేట్ కాగితంపై రాయించుకోండి. మందులు, పిల్లల డాక్టర్ ఫీజు ప్యాకేజీలో ఉన్నాయో లేదో అడగండి. గది అద్దె పరిమితి దాటితే ఇతర ఖర్చుల్లోనూ కోత పడొచ్చు, కాబట్టి పాలసీకి తగిన గదే తీసుకోండి. ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ సహా కాన్పు ఉచితం. మీ డాక్టర్ రిస్క్ లేదంటే దాన్నీ ఒకసారి చూసి రండి.

పొదుపులో రూ.50,000 ఇన్సూరెన్స్ పోను మిగిలే బిల్లుకు, రూ.లక్ష బిడ్డకు ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల అత్యవసర చికిత్స విభాగం) అవసరమైతే అని పక్కన పెట్టండి. మిగతాది టీకాలకు, ఇంటి ఖర్చులకు. పుట్టిన బిడ్డకు కవరేజీ మొదటి రోజు నుంచే ఉందా, పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి అని హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి.

బొడ్డుతాడు రక్తాన్ని బిడ్డ భవిష్యత్ అవసరాల కోసం ప్రైవేటు బ్యాంకుల్లో దాచడాన్ని భారత వైద్య పరిశోధన మండలి సమర్థించడం లేదు. ఆ రూ.60,000 కట్టకండి.