ప్రార్థన అంశంగా బయటపడిన గుట్టు

ప్రశ్న: నా స్నేహితురాలు తన భర్త చేసిన అప్పుల సంగతి, ఎవరితోనూ అనవద్దంటూ, నాకు చెప్పుకుంది. ఆ వారమే స్త్రీల ప్రార్థన కూడికలో నేను ఆమె పేరు పెట్టి ఆ సంగతిని ప్రార్థన అంశంగా చెప్పాను. నాలుగు రోజులు తిరగకముందే అది ఆమె అత్తమామల చెవిన పడింది. ఇప్పుడామె నాతో మాట్లాడడం లేదు, కూడికకూ రావడం మానేసింది. నా ఉద్దేశంలో చెడు లేదు. దేవుని ఎదుట ఒప్పుకున్నాను, ఆయన క్షమించాడనే నమ్ముతున్నాను. అయినా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లబోతే కాళ్లు ముందుకు పడడం లేదు. నన్ను నేను ఇంకా ఏమని పరీక్షించుకోవాలి?
— ఒక సహోదరి

జవాబు: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న మాటను (1 కొరింథీ 11:28) బల్లకు ముందు వినీ వినీ, కళ్లు మూసుకుని మనసులోని పాపాలను వెతుక్కోవడమే పరీక్ష అని మనం అనుకుంటున్నాం. ఏడు వచనాలు వెనక్కి వెళ్లి చదివితే పౌలు ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తుంది. కొరింథులో కలిగినవారు తమ భోజనం తాము ముందే తినేస్తుంటే, లేనివారు అదే కూడికలో ఆకలితో, సిగ్గుతో కూర్చుంటున్నారు. తిన్నవారి ఉద్దేశం ఏమిటని పౌలు అడగలేదు; పక్కవారికి ఏమైందో చూపించాడు.

దేవుని క్షమాపణ మీద మీకున్న నమ్మకాన్ని నేను కదిలించను. 1 యోహాను 1:9 దానికి చాలినంత ఆధారం. కానీ ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల దగ్గరికి వెళ్లడం తప్పించుకునే వీలు మాత్రం లేదు. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న 51వ కీర్తనను కొందరు ఇందుకు ఆసరాగా తెచ్చుకుంటారు. దావీదు ఆ మాట అనే నాటికి, అతడు భార్యను తీసుకుని చంపించిన ఊరియా బతికి లేడు. మీ స్నేహితురాలు ఉంది.

ఉద్దేశం సంగతికి వస్తే, ఆ కూడికలో మీరు నోరు తెరిచిన క్షణాన్ని ఒకసారి నిదానంగా గుర్తు చేసుకోండి. "ఒక కుటుంబం అప్పుల్లో ఉంది" అని ఊరుకుంటే దేవునికి అర్థం కాదా? పేరు అవసరమైంది దేవునికి కాదు, వింటున్నవారికి. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసునన్న చిన్న గొప్ప కూడా ఆ మాటలో కలిసి ఉండవచ్చు. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. ప్రార్థన కూడికలు నడిపిన నేనే ఈ తప్పు ఒకటికి రెండుసార్లు చేశాను. యేసు సభను (జెస్యూట్లను) స్థాపించిన 16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా, రోజును గంట గంటకూ తిరిగి చూసుకొమ్మన్నప్పుడు ముందు తలంపులను, తర్వాత మాటలను, ఆ తర్వాత క్రియలను విడివిడిగా చూడమన్నాడు. మంచి తలంపు మాటగా మారేటప్పుడు దారి తప్పగలదు కాబట్టి ఆ విభజన నాకు ఎప్పుడూ పనికొస్తూనే ఉంది.

ఇక చేయవలసింది. సంఖ్యాకాండము 5:7 తప్పు ఒప్పుకోవడంతో ఆగదు; జరిగిన నష్టానికి అయిదో వంతు కలిపి, నష్టపోయినవారికే ఇమ్మంటుంది. అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. పోయిన డబ్బును లెక్కగట్టి తిరిగి ఇవ్వవచ్చు గాని, బయటికి పోయిన గుట్టును తిరిగి లోపల పెట్టలేం. కాబట్టి మీ చేతిలో ఉన్నది రెండు పనులే. కూడికలో విన్నవారితో, ఆ సంగతి చెప్పడం నా తప్పు, ఇక దాన్ని ఎక్కడా ఎత్తవద్దని అడగండి. ఈ వంకతో మళ్లీ వివరాల్లోకి మాత్రం వెళ్లకండి. ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు "ప్రార్థన కోసమే చెప్పాను" అన్న ముక్క నోట రానివ్వకండి. అది వినగానే ఆమె మిమ్మల్ని క్షమించక తప్పని స్థితిలో పడుతుంది.

మత్తయి 5:23–24లో ప్రభువు అర్పణను బలిపీఠం ముందే విడిచి, మొదట వెళ్లి సమాధానపడమన్నాడు. విరోధం న్యాయమైనదా కాదా అని తేల్చుకున్నాక వెళ్లమనలేదు. సహోదరునికి "నీమీద" ఏమైనా ఉందని గుర్తొస్తే చాలు. మీ కాళ్లు ఆగింది అందుకేనని నాకనిపిస్తోంది. ఆమె తలుపు తీయకపోవచ్చు. నిజంగా వెళ్లి, అడిగి, తిరిగి వస్తే బల్లకు దూరంగా ఉండవలసిన పని లేదు. ఆమె క్షమించే రోజును మీరు నిర్ణయించలేరు. ఒకవేళ ఆమె తలుపు తీసి, "ఆ రోజు ఎవరెవరు విన్నారు?" అని అడిగితే, ఒక్క పేరూ దాచకుండా చెప్పండి.