హాలుకు లామినేటా, ఇంజనీర్డ్ టింబరా?

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

మెల్బోర్న్‌లో మీ కొత్త ఇంటికి బిల్డరు ఇచ్చిన కొటేషన్ చూశాను. హాలూ వంటిల్లూ కలిసిన ఆ పెద్ద గదికి లామినేట్ వేయించాలా, ఇంజనీర్డ్ టింబర్ వేయించాలా అని నువ్వూ అల్లుడూ టెన్షన్ పడుతున్నారని పిన్ని చెప్పింది. రంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీ ఇంట్లో నేల మీద నీళ్ళు ఎక్కడ పడతాయో, పడ్డవి ఎంతసేపు ఉంటాయో ముందు ఆలోచించండి.

లామినేట్‌లో అడుగున ఉండేది చెక్కపొడిని గట్టిగా నొక్కి చేసిన బోర్డు. దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన గట్టి పారదర్శకమైన పొర. అందుకే గీతలను బాగా తట్టుకుంటుంది. ఏసీ4 రకం (అరుగుదలను బాగా తట్టుకునే స్థాయి) తీసుకుంటే బాబు బొమ్మకార్లకీ, కుర్చీలు ఈడ్చడానికీ దిగులు లేదు. ఇంజనీర్డ్‌లో అడుగున సాధారణంగా ప్లైవుడ్, పైన అసలైన ఓక్ గానీ, స్పాటెడ్ గమ్ అనే ఆస్ట్రేలియా చెక్క గానీ ఉంటుంది. ఓక్ మీద ఇనప మూకుడు జారిపడితే సొట్ట ఖాయం. స్పాటెడ్ గమ్ అంతకంటే చాలా గట్టి చెక్క.

లామినేట్‌కి అసలు శత్రువు నీళ్ళే. డిష్‌వాషర్ ముందు రెండు పలకల అతుకులోకి తడి దిగితే అంచులు ఉబ్బుతాయి. నడుస్తుంటే అరికాలికి తగులుతాయి. ఆరిపోయాక కూడా మళ్ళీ మామూలు కావు. రుద్ది సరిచేద్దామంటే కాగితం మీది బొమ్మే పోతుంది, కాబట్టి పలక మార్చాల్సిందే. వాటర్ రెసిస్టెంట్ అని అమ్మే రకాలు కాసేపు ఓర్చుకుంటాయి. ఎన్ని గంటలో వారంటీ కాగితంలో రాసి ఉంటుంది, చదువు.

ఇంజనీర్డ్ కూడా నిలిచిన నీటిని ఇష్టపడదు. అయితే పై చెక్క 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఒకటి రెండుసార్లు సాండింగ్ చేయించి, అంటే పైపైన రుద్దించి, కొత్త పాలిష్ వేయించుకోవచ్చు. షోరూములో 14 మిల్లీమీటర్ల పలక అని గొప్పగా చెబుతారు. అందులో పై చెక్క ఎంతో అడుగు. శాంపిల్ ముక్కను పక్కకు తిప్పి స్కేలు పెట్టి చూడు. ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే దానికి అంత డబ్బు పోయొద్దు.

ఇక మీ అమ్మ. వదిన వచ్చిందంటే ఆరు నెలలు ఉంటుంది. బకెట్ నీళ్ళు, తడిగుడ్డ లేకుండా శుక్రవారం గడవదు. ఆ అలవాటు మానుకోమని ఆవిడకు చెప్పడం నాకు ఇష్టం లేదు. గుడ్డ గట్టిగా పిండి తుడిస్తే ఈ రెండింటికీ ఏమీ కాదు. స్టీమ్ మాప్ మాత్రం కొనొద్దు. పూజ దగ్గర నూనె, కుంకుమ పడతాయి కాబట్టి అక్కడ టైలో, గ్రానైట్ పలకో వేయించండి.

నా మాట వింటే వంటింటి వైపు టైల్, హాలుకీ పడకగదులకీ మంచి లామినేట్ వేయించండి. లోను ఇప్పుడే మొదలైంది, బాబు ఇంకా చిన్నవాడు. ఆ ఇంట్లోనే పదిహేను ఇరవై ఏళ్ళు ఉంటామనే ధైర్యం ఉంటే హాలుకు ఇంజనీర్డ్ వేయించుకోండి, కాదనను.

మిగిలిన డబ్బులో కొంత స్లాబ్ మీద, అంటే పలకల కింద ఉండే కాంక్రీటు నేల మీద పెట్టాలి. ఇక్కడ బేరమాడొద్దు. కొత్త కాంక్రీటు ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి నెల చొప్పున లెక్క. 100 మిల్లీమీటర్ల స్లాబ్‌కి నాలుగు నెలలన్నమాట. బిల్డరు తొందరపెట్టినా తేమ టెస్టు చేయించకుండా పలకలు పరచనివ్వకు. 2 మీటర్ల బద్ద పెట్టి చూస్తే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. పల్లం ఉన్నచోట అడుగు వేసినప్పుడల్లా పలక కదిలి, పలకలను ఒకదానికొకటి పట్టి ఉంచే క్లిక్ అతుకు విరుగుతుంది.

అక్కడ ఎండాకాలం కొన్ని రోజులు 40 డిగ్రీలు, చలికాలమంతా హీటరు. పలకలు సాగుతాయి, కుంచించుకుంటాయి. గోడ పొడవునా 10 మిల్లీమీటర్ల సందు వదలమను, స్కర్టింగ్ కింద కనబడదు. కిచెన్ ఐలాండ్‌ను (వంటింటి మధ్యలో విడిగా ఉండే గట్టు) ముందు బిగించి, ఫ్లోరింగ్ దాని చుట్టూ వేయాలి. పలకల మీద పెట్టి బిగిస్తే అవి కదల్లేక పైకి లేస్తాయి.

రెండు బాక్సులు ఎక్కువ కొని గరాజ్‌లో ఉంచండి. తర్వాత ఆ డిజైనే దొరకకపోవచ్చు. తేమ టెస్టు రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ బాబాయి