అడ్వాన్సు కట్టే ముందే ఖాళీ చేసే రోజు గురించి మాట్లాడుకోండి

ఉద్యోగరీత్యా భార్యతో, రెండో తరగతి చదివే పాపతో కాకినాడ నుంచి హైదరాబాదుకు మారుతున్నామని, ఒక ఇల్లు నచ్చిందని, యజమాని రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా ఈ ఆదివారంలోపు కట్టమంటూ అగ్రిమెంటు సంగతి చేరిన తరువాత చూసుకుందామంటున్నారని, కట్టవచ్చా అని మీరు అడిగారు. అగ్రిమెంటు చదవకుండా పూర్తి అడ్వాన్సు కట్టవద్దన్నది నా సమాధానం. 2011లో రాజమండ్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఈ నగరంలో నాలుగు అద్దె ఇళ్లలో ఉన్నాను. చేరేటప్పుడు నన్ను ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. పోయిన డబ్బంతా ఖాళీ చేసేటప్పుడే పోయింది.

మొదటి ఇల్లు మల్కాజిగిరి వైపు ఒక మేడ మీది పోర్షను. అద్దె 9,500 రూపాయలు, అడ్వాన్సు 19,000. యజమాని పెద్దాయన, చాలా మర్యాదస్తుడు. కాగితాల ప్రసక్తి తెస్తే "మనలో మనకు అవన్నీ ఎందుకు బాబూ" అన్నారు, నాకూ మళ్లీ అడగడం బాగుండదనిపించింది. మూడేళ్ల తరువాత మేము ఖాళీ చేసే రోజున లెక్క చూడడానికి ఆయన కాక ఆయన కొడుకు వచ్చారు. గదులన్నీ తిరిగి చూసి, ఒక చీటీ మీద రంగులకు నెల అద్దె 9,500, నోటీసు ఆలస్యంగా ఇచ్చినందుకు పదిహేను రోజుల అద్దె 4,750, స్నానాలగదిలో పగిలిన పలకకు 2,200 అని వరుసగా వేసి, మిగిలిన 2,550 రూపాయలు నా చేతిలో పెట్టారు. ఆ పలక మేము పాలు పొంగించిన నాటికే పగిలి ఉంది. పాదం కోసుకుపోతుందని మా ఆవిడ మొదటి వారంలోనే దాని మీద తెల్ల సిమెంటు పూసింది. అయితే ఆ మాట రుజువు చేయడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేకపోయింది.

అప్పుడు కోపంతో చట్టం ఏం చెబుతోందో చదివాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవారు ఇంటిని తమకు అప్పగించిన స్థితిలోనే తిరిగి అప్పగించాలి గాని, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు వారు బాధ్యులు కారు. ఇంతవరకు చదివి సంతోషించాను. కాని ఆ సెక్షన్ మొదట్లోనే, దీనికి భిన్నమైన ఒప్పందం గాని స్థానిక వాడుక గాని లేనప్పుడు మాత్రమే ఈ నియమాలు వర్తిస్తాయని ఉంది. హైదరాబాదులో చాలామంది యజమానులు రంగుల కోసం ఒక నెల అద్దె పట్టుకోవడం తమ హక్కన్నట్టే మాట్లాడతారు కాబట్టి, కాగితం లేకపోతే ఆ వాడుకను చూపించి నెగ్గేది వాళ్లే. అదే చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయమనడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. పాపను బడిలో వేసిన తరువాత, నవంబరులో పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కోవలసి వస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

అందువల్ల అగ్రిమెంటులో అద్దె, అడ్వాన్సు అంకెలతో పాటు, ఇద్దరిలో ఎవరు చెప్పినా కనీసం రెండు నెలల నోటీసు ఉండాలని, రంగులకు పట్టుకునే మొత్తం ఎంతో అంకెల్లోనే ఉండాలని (ఎన్నేళ్లు ఉంటే ఎంత అన్నది కూడా రాయించుకుంటే మరీ మంచిది), ఏటా పెంచే అద్దె శాతం ఎంతో, మిగిలిన అడ్వాన్సు తాళాలు ఇచ్చిన రోజునే తిరిగి ఇస్తారో లేదో స్పష్టంగా రాయించుకోండి. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అనుమానపడుతుంటారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది కాబట్టి, ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి అలా రాయడం అలవాటైంది. అందులో మోసమేమీ లేదు. రెండు నెలలకు మించి అడ్వాన్సు అడగకూడదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. అయితే అది పేరుకు తగ్గట్టు నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాన్ని చూపించి యజమానితో వాదించలేం. మీ ఇంటికి అడుగుతున్నది ఎలాగూ రెండు నెలలే కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

చేరే రోజున సామాను లోపలికి రాకముందే, ఖాళీ గదుల్లో ఫోనుతో వీడియో తీయండి. తలుపుల వెనుక, కిటికీ అద్దాలు, సింకు కింద, గీజరు, స్విచ్చు బోర్డులు, మీటరులోని రీడింగు అన్నీ అందులో పడాలి. దాన్ని ఆ రోజే యజమానికి వాట్సాప్‌లో పంపి, "చేరేనాటి స్థితి ఇది" అని ఒక్క వాక్యం రాయండి. రెండో ఇంట్లో నేను ఇలాగే చేశాను. యజమాని కొంచెం ముఖం మాడ్చుకున్నారు గాని, ఖాళీ చేసేటప్పుడు లెక్క పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇక ఇల్లు చూడడం. మనం గాలి, వెలుతురు, వంటగది చూసి వచ్చేస్తాం. హైదరాబాదులో ముందు చూడవలసినవి నీళ్లు. నా మూడో ఇల్లు కూకట్‌పల్లి అవతల ఉండేది. డిసెంబరులో చేరినప్పుడు కుళాయి తిప్పితే ధారగా నీళ్లు వచ్చాయి. ఏప్రిల్ రెండో వారానికి బోరు ఎండిపోయింది, మే నెలంతా ట్యాంకర్లే. ఆ ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సులో కలిసి ఉందో లేదో నేను అడగలేదు, కలిసి లేదు. ఇంటికింత అని పంచాలా, ఇంట్లో ఉన్న మనుషుల లెక్కన పంచాలా అని మేడ మీద జరిగిన వాదనలు ఇప్పటికీ గుర్తున్నాయి. కాబట్టి యజమానిని కాదు, వాచ్‌మన్‌ను గాని, కింది అంతస్తులో అద్దెకున్నవారిని గాని అడగండి: పోయిన మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, మంజీరా నీళ్లు (అంటే జలమండలి కుళాయి నీళ్లు) ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఎన్ని గంటలకు వస్తాయి. వీలైతే సంపు మూత తీయించి చూడండి. అలాగే గోడకు వేలాడుతున్న పెద్ద కేలండరు కనిపిస్తే మొహమాటపడకుండా ఎత్తి చూడండి. నాకు ఒక ఇంట్లో దాని వెనుక గుమ్మడికాయంత చెమ్మ మరక కనిపించింది, ఆ ఇల్లు వదిలేశాను.

కరెంటు మీటరు మీ వాటాకు విడిగా ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుంటే ఇద్దరూ నష్టపోతారు, ఎందుకంటే వాడకం 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ ధర పడుతుంది. 2023లో మేము, పక్క వాటావారు చెరో 130 యూనిట్లు వాడిన ఒక నెలను లెక్క వేసి చూశాను. విడి మీటర్లు ఉండి ఉంటే తలా 484 రూపాయల చొప్పున ఇద్దరికీ కలిపి 968 అయ్యేది. ఒకే మీటరు కావడంతో 260 యూనిట్లకు 1,482 అయింది. ఇవి ఇతర చార్జీలు కలపకుండా యూనిట్ల ధర మాత్రమే. పైగా ఎవరు ఎన్ని వాడారన్న తగవు వేరే. విడి మీటరు ఉంటే, పాత బిల్లొకటి అడిగి తీసుకుని, దాని మీది నంబరుతో బకాయిలేమైనా ఉన్నాయేమో చేరక ముందే చూసుకోండి.

అద్దె రశీదుల గురించి కూడా ముందే మాట్లాడాలి. మీరు పాత పన్ను విధానంలో ఉండి ఇంటి అద్దె అలవెన్సు మీద మినహాయింపు కోరుకుంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వవలసి ఉంటుంది. నగదే కావాలనేవారు, పాన్ అడగగానే మాట మార్చేవారు ఉంటారు. ఆ సంగతి మార్చి నెలలో తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది. కొత్త విధానంలో ఉంటే ఈ మినహాయింపు లేదు కాబట్టి ఆ బాధా లేదు, అయినా అద్దె మాత్రం బ్యాంకు ద్వారానే పంపండి.

గ్యాసు విషయంలో, కాకినాడలో సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్టు వెనక్కి తీసుకుని, బదిలీ వోచరు తెచ్చుకోండి. ఇక్కడి ఏజెన్సీలో అది చూపించి మళ్లీ డిపాజిట్టు కడితే సరిపోతుంది. స్టవ్వు, గొట్టం మీవే, వాటిని ఇవ్వనక్కరలేదు.

ఆదివారం గడువు గురించి ఒక మాట. బడులు తెరిచే ముందు మే, జూన్ నెలల్లో ఇళ్లకు పోటీ ఎక్కువ కాబట్టి ఆ తొందర అబద్ధం కాకపోవచ్చు. ఆషాఢంలోనో మరో శూన్యమాసంలోనో చేరడానికి మీకు పట్టింపు లేకపోతే, ఆ నెలల్లో టు-లెట్ బోర్డులు దిగకుండా వేలాడుతుంటాయి, యజమానులు అద్దె దగ్గర కూడా కొంత మెత్తబడతారు. మా నాలుగో ఇల్లు ఆషాఢంలోనే, అడిగిన దానికన్నా వెయ్యి రూపాయలు తక్కువకు దొరికింది. మీకు పాప బడి వల్ల ఆ వెసులుబాటు లేకపోతే, ఇల్లు చేజారకుండా ఐదు వేలో పదివేలో టోకెన్‌గా ఫోన్ ద్వారా పంపి, వెంటనే ఈ సందేశం పెట్టండి: "ఫలానా ఇంటి అడ్వాన్సులో భాగంగా ఈ మొత్తం పంపాను. అగ్రిమెంటు షరతులు ఇద్దరికీ సమ్మతం కాకపోతే ఇది తిరిగి ఇవ్వాలి." దానికి ఆయన "సరే" అని జవాబిస్తే, మిగిలిన డబ్బు అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టే రోజున కట్టండి. జవాబివ్వడానికే వెనకాడితే మాత్రం ఇంకో రెండు ఇళ్లు చూడండి.