ఎదలో ఉన్న గుర్రానికి నొప్పి మందు వేసే ముందు

అమ్మలూ,

ఈ సీజన్లో నీ గుర్రాన్ని చూడి కట్టించబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పరుగు మానేసిన గుర్రాన్ని వదిలించుకోకుండా దాని కడుపున ఒక పిల్లను చూడాలనుకున్నావు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. మన ఇంట్లో నా తర్వాత ఈ పని నెత్తికెత్తుకుంటున్నది నువ్వే. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ నాన్న ఇంకో మాట అన్నాడు: "పాత కాలి నొప్పికి రోజూ బ్యూట్ వేస్తూనే ఉందన్నయ్యా." ఆ నొప్పి మందు మాట విన్నప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గర్భాశయం స్వాబ్ పరీక్ష, టీకాలు, పళ్లు, గిట్టలు ముందే చూపించుకో. సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఐదు నుంచి ఏడు రోజులు మగగుర్రాన్ని రానిస్తుంది, ఎద తగ్గడానికి ఒకటి రెండు రోజుల ముందు అండం విడుదలవుతుంది. నా భయమంతా ఆ అండం విడుదలయ్యే వేళ గురించే.

అండం బయటికి రావాలంటే అది పెరిగే నీటి తిత్తి, అదే ఫాలికల్, దాని గోడ మెత్తబడి చిట్లాలి. దెబ్బ తగిలిన చోట వాపు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలే ఇక్కడ ఆ పని చేస్తాయి. అండం విడుదల కోసం హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే, 30 గంటలు గడిచేసరికి ఫాలికల్ లోపల వాటిని తయారు చేసే కాక్స్-2 ఎంజైమ్ పుట్టుకొస్తుంది, ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి, 40 గంటలకు అటూ ఇటూగా చిట్లుతుంది. ఫ్లూనిక్సిన్, బ్యూట్, మెలాక్సికామ్, ఈ నొప్పి మందులన్నీ ఆ ఎంజైమ్‌ను అణిచేవే. మందు గిట్ట దగ్గరే ఆగిపోదు, అండాశయానికీ చేరుతుంది.

నేను కుర్రాడిగా పనిచేసిన ఫారంలో ఒక ఎర్ర గుర్రం ఉండేది. మంచి వయసు, అంతకుముందు రెండు పిల్లల్ని ఈనింది, ఏ లోపమూ లేదు. ఆ సంవత్సరం సరిగ్గా ఎదలో ఉన్నప్పుడే ముందు కాలి గిట్టలో చీము పట్టింది. యజమాని మెత్తని మనిషి, అది కుంటుతుంటే చూడలేకపోయాడు. డాక్టర్ చెప్పిన ఫ్లూనిక్సిన్ చాలదని, ఇంకాస్త ఎక్కువే పొద్దునా సాయంత్రం ఇప్పించాడు. అదే వారం మగగుర్రంతో దాటించారు. రెండు రోజులకు అది చెవులు వెనక్కి వాల్చి మగగుర్రాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఎద తీరింది, అండం విడుదలైంది, ఇక చూడి కట్టడమే తరువాయి అనుకున్నారంతా. 14వ రోజు స్కానింగ్‌లో ఏమీ లేదు. మళ్లీ ఎదకొచ్చే వేళకు చీము తిరగబెట్టింది, మళ్లీ అదే మందు, అదే ఫలితం. చివరికి నింద మగగుర్రం మీద పడింది, దాని వీర్యాన్ని పరీక్షకు కూడా పంపారు.

ఆ తర్వాత వచ్చిన డాక్టర్ రోజూ స్కాన్ చేయడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని పట్టుకుని నిలబడేది నేనే కాబట్టి తెర నాకూ కనిపించేది. పక్వానికొచ్చిన ఫాలికల్ తెర మీద నల్లగా, గుండ్రంగా ఉంటుంది. చిట్లితే ఆ నలుపు మాయమవ్వాలి. ఇక్కడ మాయమవలేదు, ఇంకా పెద్దదైంది. మొదట లోపల తెల్లటి నలకలు తేలాయి, మర్నాటికి సాలెగూడులాగా దారాలు అల్లుకున్నాయి. లోపలికి రక్తం కారి గడ్డకట్టిందని, అండం అందులోనే చిక్కుబడిపోయిందని ఆయన చెప్పాడు. మోసమంతా ఎక్కడుందంటే, చిట్లకపోయినా ఆ ఫాలికల్ గోడ ఎదను ఆపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారు చేస్తుంది. దాంతో అండం విడుదలైన గుర్రం ఎలా ఎద మానేస్తుందో ఇదీ అలాగే మానేస్తుంది. బయట నుంచి చూసేవాళ్లకు తేడా తెలిసే అవకాశమే లేదు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మందు, ఎప్పుడెప్పుడు ఇచ్చారు?" ఎవరూ రాసిపెట్టలేదు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, మధ్యలో జాలి కలిగినవాళ్లు ఇంకొకరు ఇచ్చారు. అప్పటికి సీజన్ అయిపోయింది. చూడి మోసేది పదకొండు నెలలు, ఎదకొచ్చేది పగళ్లు పొడుగ్గా ఉన్న కాలంలోనే. అంటే ఆ గుర్రానికి ఒక సంవత్సరం పోయినట్టే. తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది నాకు.

ఒక్క డోసు పడినంత మాత్రాన ప్రతిసారీ ఇలా అవుతుందని చెప్పడం లేదు. మోతాదు ఎక్కువై, అండం విడుదలకు ముందు గంటల్లో మళ్లీ మళ్లీ పడితేనే ప్రమాదం బాగా పెరుగుతుంది. వయసు మళ్లిన గుర్రాల్లో ఏ మందూ లేకుండానే ఇలా జరగొచ్చు. అయినా నీ సంగతి నాకు తెలియదా? అది ఒక కాలు తేలిక చేసి నిలబడితే చాలు, నీ చెయ్యి మందు మీదికి పోతుంది. చిన్నప్పుడు కుక్కపిల్ల కాలికి ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా ఒళ్లో పెట్టుకు కూర్చున్నదానివి. ఆ మనసు మార్చుకోమని నేననను. నొప్పి ఎక్కడిదో ముందు వెతుకు. గిట్టలో చీముంటే దారి చేసి బయటికి తీయించు, చాలామటుకు నొప్పి దాంతోనే పోతుంది. నీ గుర్రానిది పాత కీలు నొప్పి కాబట్టి, ఎద రోజుల్లో బ్యూట్ ఎంత తగ్గించొచ్చో, ఎన్ని రోజులు ఆపొచ్చో, బదులుగా ఏం చేయొచ్చో డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడు. ఎదకొచ్చాక కాదు. ఫాలికల్ చిట్లిందని స్కానింగ్‌లో చూసేదాకా నీ అంతట నువ్వు ఏ నొప్పి మందూ వేయకు.

దాటించాక గర్భాశయంలో కొంచెం వాపు రావడం సహజం. మిగిలిన వీర్యాన్ని, మురికిని శరీరం అలాగే కడిగేసుకుంటుంది. ఒకటి రెండు రోజులకూ నీరు నిలిచే ఉంటే డాక్టర్ గర్భాశయం ముడుచుకుని నీటిని బయటికి నెట్టేలా ఆక్సిటోసిన్ ఇస్తారు, లేదా గర్భాశయం కడుగుతారు. అలాంటి గుర్రాలకు వాపు మందు కూడా అవసరమని ఒక్కోసారి ఆయనే అనొచ్చు. అది ఆయన నిర్ణయం. పిండం ఆరో రోజుకల్లా గర్భాశయంలోకి వచ్చి, 16వ రోజు దాకా ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉంటుంది. నేనున్నానని తల్లికి తెలియజేసేది ఆ తిరుగుడుతోనే. దాన్ని కదిలించే గర్భాశయ కండరాలకూ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. కాబట్టి ఆ రోజుల్లో కూడా అడక్కుండా ఇవ్వొద్దు.

ఇంత చెప్పాక నాకు ఇంకో భయం పట్టుకుంది, నా మాట విని మందంటేనే బెదిరిపోతావేమోనని. కడుపునొప్పితో పొర్లుతుంటే, జ్వరంతో వణుకుతుంటే చూడి సంగతి ఆలోచించకు, వెంటనే డాక్టర్‌ను పిలువు. ఆయన ఫ్లూనిక్సిన్ ఇస్తానంటే ఇవ్వనీ. చూడి కట్టిన మొదటి రెండు నెలల్లో పేగుల నుంచి విషం రక్తంలోకి చేరితే ప్రోస్టాగ్లాండిన్లు ఒక్కసారిగా పెరిగి చూడి పోవచ్చు, అప్పుడు దాన్ని కాపాడే మందుల్లో ఇదొకటి. నువ్వు మాత్రం ఫ్లూనిక్సిన్‌ను కండకు పొడవకు, అక్కడ కుళ్లు పట్టి ప్రాణం మీదికొచ్చిన గుర్రాలున్నాయి. రెండు రకాల నొప్పి మందులు కలిపి ఇవ్వకు, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కొట్టం తలుపుకి ఒక పలక తగిలించు. ఎద మొదలైన రోజు, ఫాలికల్ సైజు, ఇచ్చిన మందు, మోతాదు, వేళ, ఇచ్చినవాళ్ల పేరు దాని మీద రాయించు. నువ్వు లేనప్పుడు చూసుకునే కుర్రాడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికెళ్లి, ఇప్పుడిస్తున్న బ్యూట్ రోజుకెంతో చెప్పి, ఆయన ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు, ఎత్తుతాను.

నీ పెద్దనాన్న